కార్డు అలిగిందంటే కారణం ఉంటుంది

ఏమండీ, ఎక్కడికా హడావుడి? చేతిలో అదేంటి, మెమరీ కార్డా? మళ్ళీ కొన్నారా! మొన్న కొన్నది ఏమైందట? "పాడైపోయింది" అంటారు, నాకు తెలుసు. కంప్యూటరు చదవనంది. మీరు దాన్ని డ్రాయరులో పడేశారు. ఇంకోటి తెచ్చుకున్నారు. ఇదీ మొరాయిస్తే దీన్నీ అక్కడే పడేస్తారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే కదండీ! ఆ డ్రాయరులో ఉన్నవాటిలో చాలావరకు నిక్షేపంగా ఉంటాయి. కావాలంటే పందెం.

పొయ్యి మీద ఏమీ లేదు కదా? అయితే కాసేపు నిలబడండి. నాకిష్టమైన విషయం ఎత్తారు. ఇప్పట్లో వదలను.

మీ బల్ల మీదున్నది మ్యాక్సిమైట్ కుటుంబం బోర్డే కదా? దాని పుట్టిల్లు ఆస్ట్రేలియా. జెఫ్ గ్రాహం అనే ఆయన తయారుచేశారు. 2011 మార్చిలో అక్కడి 'సిలికాన్ చిప్' పత్రికలో తొలిసారి అచ్చయింది. ఒకే ఒక్క పిక్32 చిప్పు. 80 మెగాహెర్ట్జ్ వేగం, 128 కిలోబైట్ల ర్యామ్. కీబోర్డు దానికే, వీజీఏ మానిటరు దానికే, ఎస్‌డీ కార్డు కూడా దానికే. స్విచ్ వేయగానే తెర మీద బేసిక్ భాష 'చెప్పు, ఏం చేయమంటావ్?' అన్నట్టు సిద్ధం. లోగో తిరగడం, అప్‌డేట్ల కోసం కాచుకోవడం, పాస్‌వర్డు మర్చిపోవడం, ఈ గొడవలేవీ లేవు. మీరు టైపు చేస్తారు, అది చేసి చూపిస్తుంది. ఇంతకంటే సుఖం ఏముంది చెప్పండి?

2012లో రంగుల మ్యాక్సిమైట్ వచ్చింది. 2020లో పీటర్ మాథర్‌తో కలిసి కలర్ మ్యాక్సిమైట్ 2 తెచ్చారు. ఆ వెనకే పికోమైట్. ఇది రాస్ప్‌బెర్రీ పై వాళ్ళ పికో బోర్డు మీద నడుస్తుంది. 2021 జనవరిలో పికో ధర ఎంతో తెలుసా? 4 డాలర్లు! ఒక పికో, ఒక కార్డు మాడ్యూలు, గుప్పెడు జంపర్ వైర్లు ఉంటే చాలు. హైదరాబాద్ వాళ్ళయితే కోఠి గుజరాతీ గల్లీలో ఓ పూట తిరిగితే సరి. సాయంత్రానికి ఇంట్లో కంప్యూటరు. దుకాణంలో కొన్నది కాదండోయ్, మన చేతుల్తో కట్టుకున్నది.

దీంట్లో రెండు డ్రైవులుంటాయి. 'ఏ' చిప్పు లోపలిది, చిన్నది. 'బి' మన ఎస్‌డీ కార్డు. మీ గోలంతా ఈ బి గారితోనే. 'ఫైల్స్' అని కొడతారు. జాబితా రావాల్సిన చోట లోపం వస్తుంది. మీ మొహం మాడిపోతుంది.

అసలు ఆ లోపాన్ని పూర్తిగా చదివారా? చదవరు! ఇదే నా ఫిర్యాదు. మ్యాక్సిమైట్ ఎంత మర్యాదస్తురాలో చూడండి. లోపాలకు నంబర్లిచ్చి, పట్టిక కట్టి మాన్యువల్లో పెట్టింది. 1 అంటే కార్డే కనపడలేదు. 2 అంటే రాయకుండా తాళం వేసి ఉంది. 3 అంటే జాగా చాలదు. 4 అంటే మొదటి ఫోల్డరులో పేర్ల వరసలు నిండిపోయాయి. 6 అంటే ఆ ఫైలు లేదు. 15 అంటే హార్డ్‌వేర్ దగ్గరే తేడా. ఒక్కో నంబరు ఒక్కో వీధి చూపిస్తోంది. మీరేమో ఏ నంబరొచ్చినా తిన్నగా కార్డుల కొట్టుకే వెళ్తారు.

పనిలో పని, ఒక విచిత్రం చెప్పనా? మీ గోరంత కార్డు ఉంది చూశారూ, దాని లోపల కూడా ఒక కంప్యూటరు ఉంది. నిజమండీ! ఫ్లాష్ మెమరీ పక్కనే బుల్లి మైక్రోకంట్రోలర్ కూర్చుని ఉంటుంది. ఏ డేటా ఎక్కడ పెట్టాలి, అరిగిపోయిన గదిని ఎలా తప్పించాలి, అంతా దాని పెత్తనమే. 2013 డిసెంబరులో జర్మనీలోని హాంబర్గ్‌లో జరిగిన హ్యాకర్ల మహాసభలో బన్నీ హువాంగ్, ఆయన సహచరుడు జోబ్స్ కలిసి కొన్ని కార్డుల్లోని ఆ మైక్రోకంట్రోలర్‌లోకి చొరబడి, సొంత ప్రోగ్రాం నడిపి చూపించారు. కొన్నింటిలో ఉన్నది 8051 జాతి. ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో మనం కుస్తీ పట్టిన ఆ 8051 వంశమే!

అంటే కార్డు పెట్టడమంటే రెండు కంప్యూటర్లను ఎదురెదురుగా కూర్చోబెట్టడం. ఇక్కడే నా మాటంతా ఉంది. చదవలేకపోవడం అంటే ఆ ఇద్దరి మధ్య మాట తెగిందని అర్థం. ఎక్కడ తెగింది? పలకరింపులోనా, మధ్యలోనా, చివర్లోనా? అది కనిపెట్టారా, సగం పని అయిపోయినట్టే. ఈ వెతుకులాట సరదా ఎలాంటిదంటే, ఒకసారి మరిగితే బాగైన కార్డు కంటే బాగవ్వని కార్డే ముద్దొస్తుంది.

సరే, పలకరింపు ఎలా జరుగుతుందో విననివ్వండి... అదే, వినండి. మనవి చిన్న బోర్డులు కాబట్టి కార్డుతో మాట్లాడేది ఎస్‌పీఐ పద్ధతిలో. నాలుగు తీగలు. పాటకు వేసినట్టు తాళం వేసే తీగ, అంటే క్లాక్. బోర్డు మాట కార్డుకు మోసే తీగ ఒకటి. కార్డు మాట బోర్డుకు తెచ్చే తీగ ఇంకొకటి. 'ఇదిగో, నీతోనే' అని చెప్పే సెలెక్ట్ తీగ నాలుగోది. కరెంటు తగలగానే కార్డు ఇంకా మగతగా ఉంటుంది. అందుకే బోర్డు ముందు సెలెక్ట్ తీగను పైనే ఉంచి, ఊరికే కనీసం 74 సార్లు తాళం వేయాలి. అదీ మెల్లగా, 400 కిలోహెర్ట్జ్‌కు మించకుండా. ఆ తర్వాత సెలెక్ట్ కిందికి లాగి 'సున్నా నంబరు ఆజ్ఞ' పంపుతుంది. కార్డు '01' అని జవాబివ్వాలి. లేచాను, ఇంకా సర్దుకుంటున్నాను అని దానర్థం.

తర్వాత ఎనిమిదో ఆజ్ఞ. ఇది భలే ముచ్చటగా ఉంటుంది. 'నాది 3.3 వోల్టుల ఇల్లు, నీకు సమ్మతమేనా? సమ్మతమైతే ఈ ఏఏ అనే మాటను తిరిగి అను' అంటుంది బోర్డు. కార్డు 'ఏఏ' అని తిరిగి చెప్పాలి. పాతకాలం కార్డయితే ఆ ఆజ్ఞే తెలియదంటుంది. అది తప్పు కాదు, దాని వయసు అంతే. ఆపైన నలభై ఒకటో ఆజ్ఞను మళ్ళీ మళ్ళీ పంపుతూ ఉండాలి. కార్డు '01, 01' అంటూనే ఉంటుంది. చివరికి '00' అంటుంది. సర్దుకుంది! దీనికి ఒక సెకను దాకా గడువు ఉంది. తొందరపడి ముందే చేతులెత్తేసే ప్రోగ్రాం ఉంటే, ఆ తప్పు కార్డు నెత్తిన వేయకండి మరి.

ఇప్పుడు అసలు కిటుకు. '01' రావాల్సిన చోట ఏమొచ్చిందో ప్రోగ్రాంలో అచ్చు వేసి చూడండి. వరసగా 'ఎఫ్‌ఎఫ్, ఎఫ్‌ఎఫ్' వస్తోందా? అవతల ఎవరూ పలకడం లేదన్నమాట. కార్డుకు కరెంటు లేదు, లేదా సెలెక్ట్ తీగ వేరే కాలుకి తగిలించారు, లేదా వచ్చే తీగ, పోయే తీగ తారుమారు. వరసగా '00, 00' వస్తోందా? కార్డు నుంచి వచ్చే తీగ ఎక్కడో నేలకు తగిలింది, లేదా పక్కవాడెవడో దాన్ని కిందికి లాగి పట్టుకున్నాడు. '01' వచ్చి, తర్వాత ఆగిపోయిందా? అయితే తీగలు చాలావరకు బాగానే ఉన్నట్టు, కరెంటు వైపు చూడండి. చూశారా, ఒక్క బైటు ఎన్ని కబుర్లు చెబుతోందో!

తీగలు తారుమారు కావడం అంటే నవ్వకండి. మాడ్యూళ్ళ మీద పేర్లు ఒక్కోడు ఒక్కోలా రాస్తాడు. ఒకడు మిసో, మోసీ అంటాడు. ఇంకొకడు డీఐ, డీఓ అంటాడు. పికో వాళ్ళేమో ఆర్‌ఎక్స్, టీఎక్స్ అన్నారు. డీఓ అంటే కార్డు బయటికి చెప్పేది. అది పికోలో ఆర్‌ఎక్స్‌కి, అంటే వినే కాలుకి పోవాలి. పికోమైట్‌లో చాలామంది వాడే అమరిక ఇదీ: క్లాక్ జీపీ18కి, బోర్డు చెప్పేది జీపీ19కి, వినేది జీపీ16కి. సెలెక్ట్ తీగ మీరు ఎంచుకున్న కాలుకి, చాలామందికి జీపీ22. వైరింగ్ ఎంత చక్కగా ఉన్నా ఆ సంగతి 'ఆప్షన్ సిస్టమ్ ఎస్‌పీఐ', 'ఆప్షన్ ఎస్‌డీకార్డ్' ఆజ్ఞలతో బోర్డుకు చెప్పకపోతే దానికెలా తెలుస్తుంది? ఒకసారి చెబితే లోపల రాసుకుంటుంది. మళ్ళీ మళ్ళీ చెప్పక్కర్లేదు.

ఇక కరెంటు సంగతి. నన్నడిగితే ముద్దాయిల వరసలో మొదట నిలబెట్టాల్సింది దీన్నే. కార్డుకు కావాల్సింది 2.7 నుంచి 3.6 వోల్టుల మధ్య. మీటరు పెట్టి చూస్తే 3.3 చూపిస్తుంది. 'బాగానే ఉందండీ' అంటారు మీరు. కార్డు ఊరికే కూర్చున్నప్పుడు బాగానే ఉంటుంది! రాసేటప్పుడు అది 100 మిల్లీయాంపులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే గుంజుతుంది. ఆర్డుయినో ఊనో బోర్డు మీద 3.3 వోల్టుల కాలు ఇవ్వగలిగింది ఎంతో తెలుసా? 50 మిల్లీయాంపులు. ఇక రాయమంటే ఏం రాస్తుంది పాపం! చదవడం బానే చేసి రాయడం దగ్గర మాత్రం చతికిలబడే కార్డుల్లో చాలావాటి రోగం ఇదే.

రాసేటప్పుడు వోల్టేజీ అలా కుంగేది సెకనులో ఏ వెయ్యో వంతో. మీటరు కంటికి ఆనదు. మందు మాత్రం చవక. సాకెట్టుకు ఆనుకుని 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటరు ఒకటి, 10 నుంచి 47 మైక్రోఫారడ్ల మధ్య పెద్దది ఇంకొకటి అతికించండి. దగ్గరగా అన్నాను, బోర్డు ఆ చివరన కాదు! కార్డు గుచ్చగానే కంప్యూటరు తనంతట తనే రీస్టార్ట్ అవుతోందా? అది కూడా ఈ కథే. గుచ్చిన క్షణంలో కార్డు ఒక్క గుక్కలో కరెంటు లాగేస్తే చిప్పుకు వోల్టేజీ పడిపోతుంది.

ఇంకో కరెంటు చోద్యం. చవక మాడ్యూళ్ళ మీద మూడు కాళ్ళ ఏఎంఎస్1117 అనే రెగ్యులేటరు ఉంటుంది. 5 వోల్టులిస్తే 3.3 చేసి పెట్టడం దాని ఉద్యోగం. ఆ పనికి తనకోసం ఒక వోల్టు పైచిలుకు మినహాయించుకుంటుంది. ఇప్పుడు మీరేం చేస్తారు? 'కార్డుది 3.3 వోల్టులు కదా' అని తెలివిగా ఆ మాడ్యూలుకు 3.3 ఇస్తారు. దాని దస్తూరీ పోగా కార్డుకు దక్కేది సుమారు 2.2. కార్డు నోరెలా తెరుస్తుంది? ఇలాంటి మాడ్యూలు ఉంటే పికోలో 40వ కాలు, అదే వీబస్ నుంచి 5 వోల్టులివ్వండి. రెగ్యులేటరు లేని ఉత్త సాకెట్టయితే మాత్రం 5 వోల్టుల జోలికి పోవద్దు! కార్డు మాడి మసవుతుంది. ముందు మాడ్యూలును తిప్పి చూడండి. మూడు కాళ్ళ నల్ల ముక్క ఉందా, లేదా? అదొక్కటే ప్రశ్న.

మంచినీళ్ళు కావాలా? వద్దా? సరే, సాకెట్టు దగ్గరికి వద్దాం.

పెద్ద ఎస్‌డీ కార్డుకు తొమ్మిది బంగారు రేకులుంటాయి. మైక్రోకి ఎనిమిది. వెనక్కి తిప్పి వెలుతురులో చూడండి. వేలిముద్ర మెరుస్తోందా? నల్లటి చార ఉందా? ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన గుడ్డతో ఒక్కసారి తుడవండి. గట్టిగా రుద్దేసి ఆ బంగారపు పూత లేపేయకండి. ఆ తర్వాత సాకెట్టు లోపలికి టార్చి వేయండి. స్ప్రింగు రేకులన్నీ ఒకే ఎత్తులో వరసగా నిలబడ్డాయా? ఒక్కటి తల వంచినా అది కార్డును తాకదు. పెట్టగానే పని చేయనిది కాస్త నొక్కి పట్టుకుంటే పని చేస్తోందంటే రోగం సాకెట్టుదే, లేదా దాని కాళ్ళ కింద టంకానిదే. సోల్డరింగ్ ఐరన్ వేడి చేసి ఒక్కో కాలుకి మళ్ళీ ఒక్క టచ్ ఇస్తే చాలాసార్లు కుదురుతుంది.

పెద్ద కార్డు పక్కన చిన్న జారుడు మీట ఉంటుంది కదా, తాళం బొమ్మతో? దాని గుట్టు చెప్పేస్తున్నాను. ఆ మీట సంగతి కార్డుకే తెలియదు! అది కేవలం ప్లాస్టిక్ ముక్క. అది ఏ వైపు ఉందో చూసుకునే స్విచ్చు సాకెట్టులో ఉంటుంది. ఆ స్విచ్చుకు తుప్పు పడితే మీరు మీటను ఎన్నిసార్లు అటూ ఇటూ జరిపినా 'తాళం ఉంది' అనే అంటుంది. అప్పుడొచ్చేది 2వ నంబరు లోపం. మరమ్మతు చేయాల్సింది సాకెట్టును. మైక్రో కార్డుకైతే ఆ మీటే ఉండదు. మైక్రోను పెద్ద అడాప్టరులో పెట్టి వాడుతున్నారా? అడాప్టరుకు మీట ఉంది, అది చూసుకోండి!

తీగల పొడవు గురించి మాట్లాడుకోకపోతే ఈ కబుర్లకు అర్థమే లేదు. బ్రెడ్‌బోర్డు మీద మీరు వేసిన జంపర్లు రంగురంగులుగా అందంగానే ఉంటాయి, కాదనను. కానీ జానెడు పొడవెందుకు? పలకరింపు 400 కిలోహెర్ట్జ్‌లో జరుగుతుందన్నానా, అక్కడ ఎంత పొడవైనా చెల్లిపోతుంది. పలకరింపు అవగానే బోర్డు వేగం పెంచేస్తుంది, మెగాహెర్ట్జ్‌లలోకి వెళ్తుంది. అప్పుడు పొడుగు తీగల్లో సంకేతం అదురుతుంది. ఒకటి సున్నాగా వినిపిస్తుంది. అందుకే బోర్డు కార్డును గుర్తుపడుతుంది, చిన్న ఫైళ్ళు తెరుచుకుంటాయి, పెద్ద ఫైలు మధ్యలో మాత్రం తుస్సుమంటుంది. వేగం తగ్గించి చూడండి. తగ్గిస్తే కుదిరిందా? తీగలు కత్తిరించండి. బెత్తెడు చాలు. కార్డు నుంచి వచ్చే తీగకు 10 కిలో ఓమ్‌ల పుల్‌అప్ రెసిస్టరు కూడా పెట్టండి.

దీంట్లో ఒక మెలిక ఉంది, వినండి. ఎస్‌పీఐ పద్ధతిలో కార్డు మామూలుగా లెక్క సరిచూసుకోదు. సీఆర్‌సీ అనే తనిఖీ ఉంది. కానీ మొదటి పలకరింపు ఆజ్ఞలు దాటాక, మనం ప్రత్యేకంగా అడిగితే తప్ప, దాన్ని పట్టించుకోదు. దారిలో ఒక బిట్టు తిరగబడితే అడిగే నాథుడు లేడు. తప్పు డేటా దర్జాగా వెళ్ళి కూర్చుంటుంది. కాబట్టి లోపం రాలేదు కదా అని తీగలను నమ్మేయకూడదు. ఒక ఫైలు రాసి, మళ్ళీ చదివి, అక్షరం అక్షరం పోల్చండి. నాలుగు వరసల బేసిక్ ప్రోగ్రాం. అది రాయడంలో ఉన్న మజా మీకు వేరే చెప్పాలా?

డిస్‌ప్లే కూడా తగిలించారా? అన్నారు కాదేం ముందే! ఇక్కడుంది తిరకాసు. డిస్‌ప్లే, టచ్, కార్డు ముగ్గురూ ఒకే ఎస్‌పీఐ తీగలు పంచుకుంటారు. క్లాసులో హాజరు పిలిచినట్టు, ఎవరి సెలెక్ట్ తీగ కిందికి లాగితే వాళ్ళే పలకాలి, మిగతావాళ్ళు నోరు మూసుకోవాలి. కార్డుకు ఒక అలవాటుంది. సెలెక్ట్ తీగ పైకి తీసేసినా వెంటనే తీగను వదలదు. మరో ఎనిమిది తాళాలు పడ్డాకే వదులుతుంది. ఆ ఎనిమిదీ వేయని ప్రోగ్రాంలో డిస్‌ప్లే, కార్డు ఒకేసారి మాట్లాడేస్తాయి. కొన్ని చవక మాడ్యూళ్ళలోనైతే ఇంకా ఘోరం. వాటిలోని బఫర్ చిప్పు కార్డు మాటను ఎప్పుడూ తీగ మీద పెట్టే ఉంచుతుంది, వదలడమన్నదే ఉండదు. అలాంటిది ఒంటరిగా ఉంటే బంగారం. ఇంకొకరితో కలిపితే యుద్ధం. తేల్చుకోవడం ఎలా? డిస్‌ప్లే పీకేసి చూడండి. కార్డు పలికిందా, దొంగ దొరికినట్టే.

ఊనో వాడే మిత్రులకు ఇంకో ముక్క. ఆ బోర్డులో పదో కాలును అవుట్‌పుట్‌గా ఉంచి తీరాలి, మీ సెలెక్ట్ తీగ నాలుగో కాలు మీదున్నా సరే. లేకపోతే ఎస్‌పీఐ తన యజమాని పాత్ర వదిలేసి సేవకుడైపోతుంది. ఇంకోటి, కార్డు డేటా 512 బైట్ల చొప్పున వస్తుంది. ఊనో ర్యామ్ మొత్తం 2 కిలోబైట్లే. అంటే ఒక్క గంపెడు డేటాకే పావు వంతు ర్యామ్ చెల్లు. మీ ప్రోగ్రాంలో పెద్ద పెద్ద వాక్యాలు పెట్టారనుకోండి, నిన్నటిదాకా తెరుచుకున్న కార్డు ఇవాళ తెరుచుకోదు. కార్డు ఏం చేసింది మధ్యలో?

ఫార్మాట్ గురించి అడగలేదేం అనుకుంటున్నాను. 2 గిగాబైట్ల దాకా మామూలు ఎస్‌డీ. ఆపైన 32 దాకా ఎస్‌డీహెచ్‌సీ. ఆపైన ఎస్‌డీఎక్స్‌సీ. మూడో రకం ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాటుతో వస్తుంది. మొదటి మ్యాక్సిమైట్‌కు తెలిసింది ఫ్యాట్16, ఫ్యాట్32. మీరు 64 గిగాబైట్ల కార్డు తెచ్చి దాని మొహాన పెడితే అది తెల్లమొహం వేయదూ? ఈ బుజ్జి కంప్యూటరుకు 64 ఎందుకండీ అసలు! మీ బేసిక్ ప్రోగ్రాములన్నీ కలిపినా అందులో ఓ మూలకు రావు. 4 గానీ 8 గానీ గిగాబైట్ల కార్డు, ఫ్యాట్32. హాయి. ఎస్‌డీ అసోసియేషన్ వాళ్ళ సొంత ఫార్మాటరు ఉచితంగా దొరుకుతుంది, చిన్న కార్డులకు అదే వాడండి. 64 పెడితే మాత్రం అది నియమం ప్రకారం ఎక్స్‌ఫ్యాటే చేస్తుంది.

ఇంకో చమత్కారం చూడండి. పాత కార్డుకు డేటా ఎక్కడుందో బైట్ల లెక్కన చెప్పాలి. ఎస్‌డీహెచ్‌సీకి 512 బైట్ల గదుల లెక్కన చెప్పాలి. ఆ తేడా తెలియని పాత ప్రోగ్రాం రెండో రకం కార్డును '512వ బైటు ఇవ్వు' అంటుంది. కార్డు పాపం 512వ గది తెచ్చిస్తుంది. ఇద్దరూ నిజాయితీపరులే. అయినా చేతికొచ్చింది మాత్రం చెత్త!

4వ నంబరు లోపం చూసి బెంబేలెత్తారా? 'సగం కార్డు ఖాళీగా ఉంటే జాగా లేదంటుందేమిటి' అని? ఫ్యాట్16లో మొదటి ఫోల్డరుకు మామూలుగా 512 వరసలే. పొడుగు పేరున్న ఫైలు ఒక్కటే రెండు మూడు వరసలు మింగేస్తుంది. ఒక ఫోల్డరు చేసి ఫైళ్ళన్నీ అందులోకి తోసేయండి. ఫోల్డరు లోపల ఆ హద్దు లేదు. పేర్లు కూడా పొట్టిగా పెట్టండి, ఎనిమిది అక్షరాలు, చుక్క, మూడు అక్షరాలు. పాత బోర్డులు దానికే అలవాటుపడ్డాయి.

అన్నట్టు, ఉష్ణోగ్రత రాత్రంతా రాసే ప్రోగ్రాం పెట్టి, పొద్దున్న ప్లగ్గు పీకేసి, 'ఫైలు సున్నా బైట్లు చూపిస్తోంది' అని బాధపడే బ్యాచ్‌లో మీరూ ఉన్నారా? ఫైలు మూయకుండా పీకితే అంతే. డేటా కార్డు మీదే ఉండొచ్చు, కానీ ఈ ఫైలు ఇంత పొడవు అనే సంగతి జాబితాలో ఎక్కేది మూసినప్పుడు. అందుకే ప్రతి కొలత తర్వాతా, లేదా కొన్ని కొలతలకోసారి, 'క్లోజ్' చేసి మళ్ళీ 'అపెండ్'లో తెరవండి. కరెంటు పోయినా పోయేది ఆఖరి ముక్కే. ఇంకోటి, కార్డు రాసుకుంటున్నప్పుడు తన తీగను కిందికి లాగి 'ఆగు, పనిలో ఉన్నా' అంటుంది. ఒక్కోసారి 250 మిల్లీసెకన్లు కూడా పట్టొచ్చు. అందాకా ఓపిక పట్టని ప్రోగ్రాం 'కార్డు చచ్చింది' అని ప్రకటించేస్తుంది.

కార్డు తప్పు ఎప్పుడూ ఉండదా అంటారా? ఎందుకుండదు! ఒక గుర్తు చెబుతాను. ఒక ఫైలు తుడిచేయండి. కార్డు తీసి మళ్ళీ పెట్టండి. తుడిచిన ఫైలు మళ్ళీ ప్రత్యక్షమైందా? అయితే ఆ కార్డు ముసలిదైపోయింది. లోపలి కంట్రోలరు ఇక కొత్తగా రాయడం మానేసింది, మనకు మాత్రం 'రాశాను' అని చెబుతోంది. డేటా తీసుకుని దండం పెట్టేయండి. ఇంకో జాతి దొంగ కార్డులు. పైన 32 అని ముద్ర, లోపల అందులో పావు వంతు కూడా ఉండదు. ఆ హద్దు దాటి రాసిందంతా గంగలో కలుస్తుంది. జర్మనీ పత్రిక 'సీటీ' వాళ్ళ హెచ్2టెస్ట్‌డబ్ల్యూ గానీ, లినక్స్‌లో ఎఫ్3 గానీ నడిపితే కార్డు నిండా రాసి, తిరిగి చదివి, నిజం బయట పెడతాయి. కొత్త కార్డు కొన్న రోజే ఈ పరీక్ష పెట్టండి.

కాబట్టి వరస ఇదీ. లోపం నంబరు చదవండి. మీటరు పెట్టి చూడండి, కరెంటు ఎంతొస్తోందో. రేకులు, సాకెట్టు. తీగల జతలు, పొడవు. మొదటి జవాబు బైటు. పంచుకునే పరికరాలు. ఫార్మాటు. ఆఖరున కార్డు. ఒకసారికి ఒక్కటే మార్చండి, బాబ్బాబు! ఒకేసారి కార్డు మార్చి, తీగ మార్చి, ఫార్మాట్ చేసి, 'కుదిరింది' అంటే దేనివల్ల కుదిరిందో మీకేం తెలిసింది? నాకేం చెబుతారు?

కుదిరాక ఒక బహుమానం కూడా ఉంది. ఆ కార్డును లినక్స్ కంప్యూటరుకు పెట్టి, హెక్స్ ఎడిటరులో మొట్టమొదటి 512 బైట్లు తెరవండి. ఆఖరి రెండు బైట్లు చూడండి, '55 ఏఏ'. ఆ గుర్తు ఉంటేనే ఇది సరైన మొదటి గది అని కంప్యూటర్లు నమ్ముతాయి. విభాగం మొదలయ్యే గదికి వెళ్తే అక్కడ ఇంగ్లిషు అక్షరాల్లో 'ఫ్యాట్32' అని కంటికి కనిపించేలా రాసి ఉంటుంది. ఒక డిస్కు తన పేరు తనే చెప్పుకోవడం చూస్తే ఎంత బాగుంటుందో! ఎందుకు చూడాలి అంటారా? చూడొచ్చు కాబట్టి. ఫోన్లో, ల్యాప్‌టాప్‌లో మనల్ని ఇంత లోపలికి రానిస్తారా? ఈ బోర్డు మీద మీట నొక్కడం నుంచి ఆఖరి బైటు దాకా దారంతా మన ఎదుట తెరిచే ఉంటుంది.

ఇక వెళ్ళండి, మీకూ పనుంది. రేపు ఇదే వేళకు అడుగుతాను, ఎఫ్‌ఎఫ్ వచ్చిందా, సున్నాలు వచ్చాయా, 01 వచ్చిందా అని. జవాబు సిద్ధంగా పెట్టుకోండి. ఎఫ్‌ఎఫ్ అయితే మీటరు పట్టుకుని నేనే వస్తాను.